కంప్యూటరు కుట్టుమిషను: ఎలక్ట్రానిక్ లోపముల మరమ్మతు

1975లో సింగర్ సంస్థ ‘ఎథీనా 2000’ను వెలువరించినది మొదలు, అంతకుముందు ఇనుప పళ్లచక్రములును మీటలును నిర్వహించిన కార్యములు క్రమముగా ఎలక్ట్రానిక్ బోర్డు వశమైనవి. పెడలు వేగమును సూచింపగా, సెన్సారు సూది స్థానమును తెలుపగా, ఆ సంకేతముల ననుసరించి బోర్డు ప్రధాన మోటారును, సూదిని పక్కలకు జరుపు స్టెప్పర్ మోటారును నడిపించును.

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ వంటి పట్టణములలోని దర్జీలు బోర్డు చెడినదని నిశ్చయించుకొనక పూర్వమే పరీక్షింపదగినవి కొన్ని కలవు. దీపము వెలిగియు మోటారు కదలనిచో, బాబిన్ చుట్టు కడ్డీ పక్కకు జరిగియున్నదేమో, బట్టనదుము పాదము పైకి లేచియున్నదేమో చూడవలెను; అనేక మిషనులు ఈ స్థితులలో కుట్టుటకు నిరాకరించును. సూది స్థానము తప్పుచున్నచో సెన్సారుపై పేరుకొనిన నూలుధూళిని మెత్తని కుంచెతో తుడువవలెను. తెరపై కనబడు తప్పు సంకేతములు కంపెనీకొక విధముగా నుండును గనుక, ఆ మిషను పుస్తకమునే సంప్రదించుట యుక్తము.

దీపమే వెలుగనిచో ప్లగ్గు, తీగ, ఫ్యూజు చూడవలెను. మూత విప్పువారికి జాగ్రత్త అవసరము: 230 వోల్టుల ఏసీ డీసీగా మారినపుడు కెపాసిటరులో సుమారు 325 వోల్టులు నిలుచును, ప్లగ్గు తీసిన పిదపను కొంతసేపుండును. ఉబ్బిన కెపాసిటరును అదే విలువ గలదానితో మార్చవలెను. క్రొత్త ఫ్యూజు వెంటనే కాలినచో లోపము ఫ్యూజుది కాదు. దాని స్థానమున రాగితీగ చుట్టుట మన ఊళ్లలో పరిపాటియే కాని, ఈ మిషనులలో అట్టి పని బోర్డునే కాల్చివేయగలదు.