కత్తికంటె ముందు నీరు

కోనసీమలో ఐనవిల్లికి చేరువనున్న ముక్తేశ్వరము గౌతమీతీరమున వెలసిన ఊరు. ఆవలియొడ్డున కోటిపల్లి; రెంటి నడుమ విశాలమైన గోదావరీపాయ; దానిని దాటుటకు పడవలు, పంటులు. క్షణముక్తేశ్వరుని దర్శింప వచ్చినవారును, కోటిపల్లి సోమేశ్వరుని సేవింప బోవువారును, పితృకార్యములకై రేవు చేరినవారును ఇచ్చట మొదట తాకునది నీటినే. పండ్రెండేండ్ల కొకమారు గోదావరికి పుష్కరములు వచ్చినపుడు, తీర్థవిధి ననుసరించి ముందు క్షౌరము, పిదప స్నానము, ఆ పిదప పిండప్రదానము జరుగుచుండగా, రేవున క్షౌరవృత్తివారు వరుసగా కూర్చుండి పనిచేయుటను శ్రద్ధతో చూచినవారికి ఒక విషయము స్పష్టమగును: పొదినుండి కత్తి వెలువడక మునుపే వారి చేయి నీటిలోనికి పోవును. చిన్నదిగా తోచు ఆ తడిచేతికి పెద్ద చరిత్ర గలదు.

మంగలి యను మాటలో మనకు మంగళము వినవచ్చును. క్షురకుడను మాటలో క్షురము, అనగా కత్తి, కనబడును. కాని సంస్కృతమున ఈ వృత్తివానికి గల ప్రాచీననామము నాపితుడు. పాళీభాషలో ఇదే మాట ‘నహాపిత’ యని యున్నది. ఈ రెండు రూపములును స్నానార్థకమైన ‘స్నా’ ధాతువునుండి పుట్టినవనియు, వాని మూలార్థము ‘స్నానము చేయించువాడు’ అనియు భాషావేత్తలు చెప్పుదురు. అనగా మన పూర్వులు ఆ మనిషికి పేరు పెట్టునపుడు అతని చేతిలోని కత్తిని గాక, అతడు పోసిన నీటిని తలచుకొనిరి.

ఆ పేరు మోసినవారిలో బౌద్ధవాఙ్మయమున మిక్కిలి ప్రసిద్ధుడు ఉపాలి. శాక్యకుమారులకు క్షౌరము చేయుచుండిన అతనికి, ఆ కుమారులకంటె ముందుగా ప్రవ్రజ్య లభించెను. తమ కులాభిమానము అణగుటకై ముందతనికే దీక్ష యిమ్మని ఆ కుమారులే తథాగతుని వేడుకొనిరట. బుద్ధనిర్వాణానంతరము రాజగృహమున జరిగిన ప్రథమసంగీతిలో భిక్షునియమములైన వినయమును వల్లించినవా డతడే. కోనసీమలోనే ఆదుర్రున నేటికిని మహాస్తూపశిథిలము నిలిచియున్నది. కాషాయము ధరింపబోవువారి శిరస్సులను తడిపిన చేతులు ఈ లంకభూములలోను ఒకనా డుండి యుండవలెను.

వైదికకర్మలో ఈ తడుపుటకు గల స్థానము మరింత స్పష్టము. అథర్వవేదమున ఆఱవ కాండలోని 68వ సూక్తము క్షౌరమునకు సంబంధించినది. అందు సవిత కత్తితో రాగా, వేడినీటితో రమ్మని వాయువును పిలుతురు. ఆదిత్యులు, రుద్రులు, వసువులు తడుపవలెనని ప్రార్థింతురు. కోనసీమ వైదికులలో పెక్కుమంది అనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రము ఉపనయనమును విధించునపుడు, వేడినీటిని చల్లనినీటిలో పోసి కలిపి, మంత్రపూర్వకముగా వటువు శిరస్సును తడుపవలెనని నియమించినది. మఱియొక గృహ్యసూత్రకర్తయగు ఆశ్వలాయనుడు పదునాఱవ యేట జరుపు గోదానమును, అనగా తొలిసారి గడ్డము గీయించు సంస్కారమును, చెప్పుచు, అచట కేశములకు మాఱుగా శ్మశ్రువులను తడుపుమనెను. గోరువెచ్చని నీటితో చేయవలసిన పని యంతయు చేసి, గాయము కానీయక, చక్కజేయుమని నాపితునికి చెప్పవలసిన మాటను గూడ అతడు పుట్టువెండ్రుకలు తీయు చౌలప్రకరణమున పొందుపఱచెను. గాయము కాకుండుటకును నీటికిని గల సంబంధమును సూత్రకారు డెఱుగునని దీనివలన తెలియుచున్నది.

ఆ సూత్రార్థమును నేను గ్రంథములలో చదువక మునుపే మా యింటి అరుగుపై చూచితిని. నా బాల్యమున తెల్లవారుజామున ఒక వృద్ధుడు చంకన పొదితో వచ్చెడివాడు. లోపలినుండి ఒక చెంబుతో చన్నీళ్ళు, కాగులోని వేన్నీళ్ళు కొన్ని తెచ్చి యిచ్చుట పిల్లలమైన మా పని. అతడు తన యిత్తడిగిన్నెలో ముందు చన్నీళ్ళు పోసికొని, వానిలో వేన్నీళ్ళు కొంచెము కొంచెముగా కలిపి, వ్రేళ్ళ వెనుకభాగముతో తాకి చూచెడివాడు. తరువాత ఆ వ్రేళ్ళతోనే చెవిమొదలునుండి దవడమీదుగా గడ్డముదాక, వెండ్రుక మొలచిన దిక్కున కెదురుగా, తడుపుచు రుద్దెడివాడు. బుగ్గలకు ఒకసారి చాలును. పై పెదవికి రెండుమార్లు. వెండ్రుక బిరుసుగా నుండు చుబుకమునకు మాత్రము మూడుమార్లు మరలి వచ్చెడివాడు. మా తాతగారు తొందరపడినచో, “నాననివ్వండి బాబూ, నానితే కత్తికి పని ఉండదు” అని, కత్తి నెత్తి ముందు రాతిపై, ఆపైన తోలుపట్టీపై, తుదకు తన అరచేతిపై మెల్లగా నూఱెడివాడు. కత్తికి పదును పట్టు కాలమును గడ్డము నాను కాలమును ఒక్కటియే. ఆ రెండు పనులను ఒకేసారి ముగియునట్లు అమర్చుటలో అతని నేర్పంతయు నుండెను.

నేటి శాస్త్రము అతని మాటనే సమర్థించుచున్నది. వెండ్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో కూడినది. ఎండియున్నపుడు మిక్కిలి గట్టిది. నీరు దానిలోనికి చొచ్చి, ఆ పోగులను బంధించు హైడ్రోజన్ బంధములను సడలించును. వెండ్రుక తన బరువులో మూడవవంతుకు చేరువగా నీటిని పీల్చుకొనగలదు; లావున నూటికి సుమారు 15 వంతులు ఉబ్బును; నిడివిలో మార్పు బహు స్వల్పము. రెండుమూడు నిమిషములు నానిన వెండ్రుకను కోయుటకు చాల తక్కువ బలము చాలును. వేడి యా పనిని త్వరపఱచును. చర్మమునుండి ఊరిన జిడ్డు నీటి కడ్డుపడును గనుక, సబ్బు లేని కాలమున దానిని తొలగించినది వ్రేళ్ళ రాపిడియే. సబ్బు తరువాత వచ్చి ఆ తడిని నిలుపుటకు తోడ్పడినది.

కోనసీమలో నీరంతయు ఒకటి కాదు. సముద్రమునకు చేరువ గ్రామములలో నూతినీరు ఉప్పన. అందు సబ్బు నురుగు పట్టదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట వలన కాలువలు ఈ లంకల నడుమ పారి, మెత్తని గోదావరినీటిని ఇంటి ముంగిలికి తెచ్చినవి. వేసవిలో కాలువలు కట్టినపుడు చెరువునీరే గతి. వరదదినములలో వచ్చు ఎఱ్ఱనీటిని బిందెలో పోసి, పటిక త్రిప్పి, మడ్డి అడుగంటిన పిదప వాడుకొనెడివారు. ఆ పటికయే పొదిలోను ఒక తునక యుండెను. పని ముగిసిన వెనుక తడిమొగమున రాచినచో సన్నని గాట్ల నెత్తురు నిలుచును.

1904లో అమెరికాలో జిల్లెట్‌కు మాఱుబ్లేడుల రేజరుపై పేటెంటు లభించెను. క్రమముగా అట్టి రేజరులు మన యిండ్లకును చేరగా, ఎవరి గడ్డము వారే గీసికొనుట అలవాటయ్యెను. కళ్ళమువద్ద ధాన్యముగా కొలుచు మేర పోయి, సెలూనులో కుర్చీకి రొక్కము వచ్చెను. వృత్తివారికి అది మేలే. పరువు పెరిగెను, కూలి చేతికి వచ్చెను. కాని బుడ్డితో రెండు చిమ్ములు చిమ్మి, వెంటనే నురుగు పూయు తొందరలో, నాననిచ్చు ఆ రెండు నిమిషములు కరగిపోయినవి.

అంతకంటె బాధాకరమైన మాట చెప్పక తప్పదు. ఊరి మొగములన్నిటిని తడిపిన ఆ వృద్ధునికి మా అరుగుపై పీట వేసినవారు లేరు. అతడు నేలపైననే గొంతుక్కూర్చుండెను. క్షౌరమైనవారు పెరటిదారిన పోయి తలపై నీళ్ళు పోసికొననిదే ఇంట అడుగిడరాదు. స్నానము చేయించువాడని పేరు పెట్టబడినవాని స్పర్శకే స్నానము పరిహారమైనది. పేరులోని గౌరవమును మఱచి, కత్తిలోని భయమును మాత్రము మిగుల్చుకొన్న సమాజము చేసిన అన్యాయ మిది.

అయినను సూత్రము ఒక సాక్ష్యమును దాచియుంచినది. ఉపనయనమునాడు వేడినీటిని చల్లనినీటిలో కలిపి బిడ్డ శిరస్సును మొదట తడుపునది ఆ కర్మ చేయించువాడే. మా యిండ్లలో తండ్రియే. ఆ తరువాత గిన్నె నాపితుని చేతికి పోవును. తండ్రి తడిపిన తలనే అతడు మరల తడిపి కత్తి యెత్తును. ఆ రెండు చేతులును ముంచినది ఒక్క గిన్నెలోని నీటినే.