బడి ముందు వేగానికి కళ్లెం: చట్టం ఏమంటోంది, ఊరు ఏం చేయాలి

ధర్మపురి జిల్లాలోని తుంబలహళ్లి పేరులో ‘హళ్లి’ కన్నడ మాట. కార్యాలయాల భాష తమిళం. చుట్టుపక్కల పల్లెలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఈ సరిహద్దు ప్రాంతపు రోడ్లపై తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల బండ్లు మూడూ తిరుగుతుంటాయి. బడి వదిలిన వేళ పిల్లలు రోడ్డు దాటేటప్పుడు ఆ బండ్లు ఎంత వేగంతో పోవాలి, మీరితే అడిగేది ఎవరు అన్నది ప్రతి ఇంటికీ సంబంధించిన విషయం.

బడి సమీపంలో ఒక బోర్డు ఉన్నంత మాత్రాన వేగపరిమితి ఉన్నట్లేనని చాలామంది భావిస్తారు. చట్టం దృష్టిలో అది సరికాదు. ఆ తేడా తెలియకపోవడం వల్లనే అనేక ఫిర్యాదులు ఫలించకుండా పోతున్నాయి.

వేగం లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. పిల్లవాడు అడ్డు వచ్చాడని గ్రహించి బ్రేకు నొక్కేందుకు చోదకునికి ఒక సెకను పడుతుందనుకుంటే, ఆ లోపలే బండి 17 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. పొడి తారురోడ్డుపై, మంచి బ్రేకులున్న బండి పూర్తిగా నిలవడానికి మొత్తం 37 మీటర్ల వరకు పడుతుంది. వేగం 40 అయితే ఆ దూరం సుమారు 20 మీటర్లు. 30 అయితే 13 లేక 14 మీటర్లు. వానలోనూ, బరువు నిండిన లారీకీ ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ రహదారి భద్రతా సదస్సు, పాదచారులు, సైకిళ్లు, మోటారు బండ్లు కలిసి తిరిగే చోట వేగం 30 కిలోమీటర్లకు మించరాదని పిలుపునిచ్చింది. బడి ముందు రోడ్డు అటువంటిదే.

రెండు బోర్డులు, రెండు అర్థాలు

ఎర్రని అంచుగల త్రికోణంలో ఇద్దరు పిల్లల బొమ్మ ఉంటే అది హెచ్చరిక మాత్రమే. ‘ముందు బడి ఉంది, జాగ్రత్త’ అని దాని అర్థం. ఎర్రని అంచుగల వృత్తంలో అంకె ఉంటే అది ఆజ్ఞ. ఆ అంకెను మించి పోవడం నేరం. త్రికోణం హెచ్చరిస్తుంది, వృత్తం శాసిస్తుంది. ఈ గుర్తులు దేశమంతటా ఒక్కటే కనుక, బోర్డుపై తమిళ అక్షరాలు చదవలేని పొరుగు రాష్ట్రపు చోదకుడు కూడా తెలియదని తప్పించుకోలేడు.

పరిమితిని నిర్ణయించేది ఎవరు

1988 నాటి మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం సాధారణ గరిష్ఠ వేగాన్ని కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ప్రజల భద్రత దృష్ట్యా ఒక ప్రత్యేక స్థలంలో వేగాన్ని ఇంకా తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, లేక అది అధికారమిచ్చిన అధికారికి ఉంది. అందుకు గెజిటులో ప్రకటన, రోడ్డుపై తగిన గుర్తులు రెండూ అవసరం. ఒక నెలకు మించని తాత్కాలిక పరిమితికి మాత్రం గెజిటు ప్రకటన అక్కరలేదు. కనుక గ్రామస్థులో, బడి యాజమాన్యమో సొంతంగా ‘20 కి.మీ.’ అని రాసి నిలిపిన పలకకు చట్టబలం ఉండదు.

అమలు ఎలా జరుగుతుంది

అతివేగానికి శిక్ష 183వ సెక్షన్‌లో ఉంది. 2019 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం తేలికపాటి వాహనానికి రూ.1,000 నుంచి రూ.2,000 వరకు, మధ్యతరహా, భారీ వాహనాలకు రూ.2,000 నుంచి రూ.4,000 వరకు జరిమానా విధించవచ్చు. రెండవసారి పట్టుబడితే లైసెన్సును స్వాధీనం చేసుకోవచ్చు.

ఇక్కడొక ముఖ్యమైన చిక్కు ఉంది. ‘బండి చాలా వేగంగా పోయింది’ అని ఒక్క సాక్షి కంటి అంచనాతో చెప్పినంత మాత్రాన ఎవరినీ శిక్షించరాదని అదే సెక్షన్ చెబుతోంది. ఆ అంచనాకు యంత్రం కొలత ఆధారంగా ఉండాలి. అందుచేతనే పోలీసులు స్పీడు గన్ను, కెమెరా మీద ఆధారపడతారు. అవి పెద్ద రహదారులకు వచ్చినంత సులభంగా పల్లెదారికి రావు.

అయితే యంత్రం లేనిచోట చట్టం నోరు మూసుకోదు. 184వ సెక్షన్ ప్రమాదకరంగా బండి నడపడాన్ని నేరంగా పరిగణిస్తుంది. దీనికి అంకె బోర్డు అక్కరలేదు. ఆ స్థలం ఎటువంటిది, అప్పుడు రద్దీ ఎంత ఉంది అన్నవే ముఖ్యం. బడి వదిలిన వేళ పిల్లల నడుమ దూసుకుపోయిన బండిపై ఈ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. మొదటి నేరానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. బండి నంబరు, తేదీ, సమయం, చూసినవారి పేర్లు రాసి ఇస్తే ఫిర్యాదుకు బలం చేకూరుతుంది. బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరైనా, నేరం జరిగిన చోటి పోలీసులకే అధికారం ఉంటుంది.

రోడ్డు ఎవరిది?

అర్జీ పంపే ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి. కారిమంగలం, ధర్మపురి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు) కేంద్రానికి చెందినది. రాష్ట్ర రహదారులు, జిల్లా ముఖ్య రోడ్లు రాష్ట్ర రహదారుల శాఖ చేతిలో ఉంటాయి. పల్లెలను కలిపే చిన్న రోడ్లు సాధారణంగా పంచాయతీ యూనియన్ పరిధిలోనివి. తప్పు కార్యాలయానికి పోయిన అర్జీ నెలల తరబడి తిరుగుతుంది.

స్పీడు బ్రేకర్ల సంగతి కూడా ఇంతే. జాతీయ రహదారిపై వాటిని వేయరాదన్నది కేంద్రం విధానం. అక్కడ అడగవలసినది కింది దారి, పాదచారుల వంతెన, సర్వీసు రోడ్డు. చిన్న రోడ్లపై మాత్రం అన్నిటికంటె నమ్మకమైన కాపలా స్పీడు బ్రేకరే. పోలీసు లేని వేళ కూడా అది పని చేస్తుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేందుకు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల గుండ్రని దిబ్బను భారత రోడ్ల కాంగ్రెసు ప్రమాణంగా సూచించింది. దానిపై గీతలు, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. మట్టితో, రాళ్లతో రాత్రికి రాత్రి వేసిన దిబ్బ చీకట్లో ద్విచక్ర వాహనదారుని ప్రాణం తీయగలదు.

బడి బస్సులు, పిల్లల చేతి బండ్లు

2012 జులై 25న చెన్నై శివారులో బడి బస్సు అడుగున ఉన్న రంధ్రం గుండా జారిపడి ఏడేళ్ల బాలిక మరణించింది. మద్రాసు హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది. అదే సంవత్సరం తమిళనాడు ప్రభుత్వం బడి బస్సులకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. కేంద్రం 2015లో చేసిన నియమం ప్రకారం బడి బస్సులోని వేగ నియంత్రణ పరికరం 60 కిలోమీటర్లకు మించనీయరాదు. అది యంత్రానికి పెట్టిన హద్దు. బడి ముందు 60తో పోవచ్చునని దాని అర్థం కాదు.

తల్లిదండ్రులకూ చట్టం బాధ్యత పెట్టింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే 199ఏ సెక్షన్ కింద సంరక్షకునికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దవుతుంది. ఆ పిల్లవానికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు.

గ్రామం చేయవలసినది

మొదట బడి యాజమాన్య సమితి తీర్మానం చేయాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే ఈ సమితిలో తల్లిదండ్రులే అధికంగా ఉంటారు. తరువాత ఆ విషయాన్ని గ్రామసభ ముందుంచాలి. తమిళనాడులో గ్రామసభ జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీలలో జరుగుతుంది. తీర్మానం నకలుతో సోమవారం నాటి ప్రజా ఫిర్యాదుల దినాన కలెక్టరుకు అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి. జిల్లా రహదారి భద్రతా సమితి ముందు ఈ విషయం ఉంచమని అందులోనే కోరాలి.

అర్జీలో ‘వేగం తగ్గించండి’ అని మాత్రమే రాస్తే చాలదు. రోడ్డు పేరు, బడికి ఇరువైపుల దూరం, బడి మొదలయ్యే, వదిలే వేళలు, కోరే పరిమితి, వృత్తపు బోర్డు, గీతలు గీసిన దాటు స్థలం, ప్రమాణం ప్రకారం స్పీడు బ్రేకరు అని విడివిడిగా అడగాలి. ఏ కోరికకు ఏ శాఖ జవాబుదారీయో అప్పుడే తేలుతుంది.

ప్రమాదం జరిగితే అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారిపై అయితే 1033 నంబర్లకు ఫోను చేయాలి. ఈ మూడూ పిల్లలకు కంఠస్థం కావలసినవి.