రెండో తేదీ

ఐరోపాలో ఏ పాత కట్టడం ముందు నిలబడినా గైడు మొదట ఒక సంవత్సరం చెబుతాడు. 1163 అనో, 1566 అనో. విన్నవాళ్ళు అబ్బో అనుకుని ఫోన్లు పైకెత్తుతారు. నేను రెండో తేదీ కోసం చెవులు రిక్కిస్తాను. కళ్ళ ముందున్న ఈ రాయి ఇక్కడికి ఎప్పుడొచ్చింది? చాలాచోట్ల దానికి జవాబు 1859, 1912, 1953, 2004. ‘పాత ఐరోపా’ అని మనం టికెట్టు కొని చూసేదాంట్లో పెద్ద భాగం గత నూట ఎనభై ఏళ్ళలో కట్టిందే. ఇందులో మోసం లేదు, ఎవరూ దాచిందీ లేదు; అడిగితే చెబుతారు, ఏదో ఒక మూల పలక మీద రాసీ ఉంటుంది. కూలినదాన్ని మళ్ళీ లేపాలా వద్దా, లేపితే ఎలా లేపాలి అని అక్కడివాళ్ళు తరాల తరబడి పడ్డ తగువు మాత్రం నాకు ఆ కట్టడాలంత ఆసక్తిగానూ తోచింది.

తగువుకు మొదలు పారిస్ నోత్రదామ్ అనుకోవచ్చు. 1163లో మొదలైన ఆ చర్చి ఫ్రెంచి విప్లవం నాటికే శిథిలావస్థలో ఉంది. 1793లో విప్లవకారులు ముందువైపు వరసగా నిలబెట్టిన ఇరవై ఎనిమిది రాతి రాజుల్ని పడగొట్టి తలలు తీశారు. ఫ్రాన్సు రాజులనుకుని తీశారు గానీ, పాపం వాళ్ళు బైబిల్లోని యూదా రాజులు. వాటిలో ఇరవై ఒక్క తలలు 1977లో నగరంలోనే మరోచోట మట్టిలోంచి బయటపడ్డాయి. ఇప్పుడు క్లూనీ మ్యూజియంలో ఉన్నాయి. ముక్కులు చిట్లిపోయాయి, అక్కడక్కడా పాత రంగు మరక కనిపిస్తుంది. నోత్రదామ్‌లో నిజంగా పాతది చూడాలంటే నది దాటి ఈ మ్యూజియానికి రావాలని వాటిని చూసినప్పుడు అనిపించింది. ఎందుకంటే చర్చి ముందు ఇప్పుడు నిలబడ్డ రాజులు పంతొమ్మిదో శతాబ్దం వాళ్ళు.

1831లో విక్టర్ హ్యూగో నవల రావడంతో జనం దృష్టి ఆ పాడుబడ్డ చర్చి మీద పడింది. 1844లో మరమ్మతు పని లాసూ, వియోలె ల్యూ ద్యూక్ అనే ఇద్దరు వాస్తుశిల్పుల చేతికి వచ్చింది. 1857లో లాసూ చనిపోయాక రెండోవాడు ఒక్కడే 1864 దాకా నడిపించాడు. ఇతని సిద్ధాంతం కాస్త మొండిది. పునరుద్ధరణ అంటే ఉన్నదాన్ని నిలబెట్టడం కాదు, ఆ కట్టడం ఎన్నడూ అందుకోని పూర్తి రూపాన్ని కూడా దానికి ఇవ్వవచ్చు అన్నాడు. అన్నట్టే చేశాడు. కూలుతుందని పాత చెక్క శిఖరాన్ని పద్దెనిమిదో శతాబ్దం చివర తీసేశారు. 1859లో ఇతను అంతకన్నా ఎత్తైనది కొత్తగా లేపాడు. చర్చి పైన గడ్డం కింద చేతులు పెట్టుకుని, నాలుక బయటపెట్టి ఊరిని చూస్తూ కూర్చున్న కొమ్ముల రాక్షసుడి ఫోటో చూడనివాళ్ళు ఉండరు. అది మధ్యయుగపు శిల్పమని నేనూ నమ్మేవాణ్ణి. అదీ ఇతగాడి పనే. శిఖరం కింద నిలబెట్టిన పన్నెండుమంది అపోస్తలుల రాగి విగ్రహాల్లో పదకొండుమంది ఊరివైపు చూస్తుంటారు. థామస్ ఒక్కడు వెనక్కి తిరిగి తలెత్తి శిఖరాన్ని చూస్తుంటాడు. ఆ థామస్‌కి వియోలె ల్యూ ద్యూక్ తన ముఖమే పెట్టుకున్నాడు! తన పనిని తానే మెచ్చుకుంటూ శాశ్వతంగా నిలబడాలన్న ఆ సరదాని నేను తప్పుపట్టలేను.

దక్షిణ ఫ్రాన్సులోని కార్కసోన్ కోట కూడా ఇతని చేతి మీదుగా వెళ్ళిందే. 1853లో పని మొదలైంది. బురుజుల మీద కోసుగా లేచిన నల్లపలక కప్పులు దూరం నుంచి అచ్చం పిల్లల కథల పుస్తకంలో కోటలా ఉంటాయి. అక్కడే వచ్చింది చిక్కు. ఆ కప్పులు ఉత్తరాది పద్ధతి, ఇక్కడి ఎండకూ అలవాటుకూ తగ్గవి వాలు తక్కువున్న పెంకులేనని అప్పుడే విమర్శించారు. తర్వాతి కాలంలో కొన్ని బురుజుల మీద పలకలు తీసి పెంకులు వేశారు. గోడ వెంట నడుస్తుంటే ఒక బురుజు మీద పలక, ఇంకోదాని మీద పెంకు. వాదన ఇంకా తెగలేదని కప్పులే చెబుతున్నాయి.

ఇంగ్లండులో దీనికి పూర్తిగా ఎదురు గాలి వీచింది. 1849లోనే జాన్ రస్కిన్ పునరుద్ధరణ పేరుతో జరిగేదంతా వినాశనమే అన్నాడు. 1877లో విలియం మారిస్ పాత కట్టడాల రక్షణకు సంఘమే పెట్టాడు. రోజూ కాస్త కాస్త బాగుచేసుకోండి, చూరు కారితే సరిచేయండి, అంతేగానీ పాతదిలా కనిపించే కొత్తది కట్టకండి అని వాళ్ళ వాదం. పుస్తకంలో చదివితే ఇది తిరుగులేనిదిగా ఉంటుంది. మరి కట్టడం ఉన్నట్టుండి మొత్తం కూలిపోతే?

వెనిస్‌లో అదే జరిగింది. సెయింట్ మార్క్ చౌకులోని గంటల బురుజు దాదాపు 99 మీటర్ల ఎత్తు. గోడకు పగులు కనిపించిన కొన్నాళ్ళకే, 1902 జులై 14 ఉదయం, ఉన్నచోటే కుప్పగా కూలింది. ముందే జనాన్ని దూరం పెట్టడంతో మనిషి ప్రాణం పోలేదు. ఆ సాయంత్రమే నగర సభ కూర్చుని తిరిగి కట్టడానికి అయిదు లక్షల లీరాలు మంజూరు చేసింది. ఎక్కడుందో అక్కడే, ఎలా ఉందో అలాగే కట్టాలని తీర్మానం. 1912 ఏప్రిల్ 25న, సెయింట్ మార్క్ పండుగ నాడు, కొత్త బురుజు తెరిచారు. శ్రీకాళహస్తి సంగతి తెలిసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల రాజగోపురం 2010 మే 26న కూలితే, 2017కల్లా అక్కడే మళ్ళీ లేచింది. గోపురం లేని ఊరి ఆకాశాన్ని భరించలేకపోవడం వెనిస్‌వాళ్ళకీ మనకీ ఒకటే. ఆ బురుజు పైకి ఇప్పుడు లిఫ్టులో వెళ్ళవచ్చు. పైనున్న అయిదు గంటల్లో అన్నిటికన్నా పెద్దది మాత్రం ఆనాటి పతనంలో పగలకుండా దక్కిన పాత గంట.

వెనిస్‌లో కూలింది ఒక్క బురుజు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊళ్ళకు ఊళ్ళే పోయాయి. బెల్జియంలోని ఈప్ర్ శిథిలాలను అలాగే స్మారకంగా ఉంచేద్దామని చర్చిల్ అన్నాడు. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. మా ఊరు మాకు కావాలన్నారు. పదమూడో శతాబ్దపు బట్టల వర్తకుల మహాభవనాన్ని 1967 దాకా ఓపిగ్గా కట్టుకుంటూ పోయారు. ఆ ఊరికి మనవాళ్ళు పెద్దగా వెళ్ళరు. వెళ్ళాలి. మెనిన్ గేట్ కమాను గోడల మీద, సమాధి దొరకని యాభై నాలుగు వేల పైచిలుకు సైనికుల పేర్లలో అవిభక్త భారతదేశపు సైనికుల పేర్లూ ఉన్నాయి. రోజూ రాత్రి ఎనిమిదికి అక్కడ బాకా ఊదుతారు.

ఇక వార్సా. 1944 ఆగస్టు 1న జర్మన్ల మీద తిరుగుబాటు మొదలైంది, అక్టోబరు మొదట్లో లొంగిపోయింది. ఆ తర్వాత జర్మన్ సైన్యం ఇంటింటికీ నిప్పు పెట్టి, మందుపాతర్లు పేల్చి ఊరిని నేలమట్టం చేసింది. యుద్ధంలో పడ్డ బాంబు వేరు, యుద్ధం తేలిపోయాక కూర్చుని ఒక జాతి జ్ఞాపకాన్ని పేల్చేయడం వేరు. పోలిష్‌వాళ్ళు తిరిగి కట్టుకోవడంలో ఉన్న కసి నాకు అక్కడ అర్థమైంది. పద్దెనిమిదో శతాబ్దంలో బెలోత్తో అనే ఇటలీ చిత్రకారుడు ఆ ఊరి వీధుల్ని కిటికీ కిటికీ గీశాడు. ఆ చిత్రాలు, వార్సా పాలిటెక్నిక్ వాళ్ళు కొలతలు తీసి దాచిన నక్షాలు ముందు పెట్టుకుని పాత ఊరిని కట్టారు. సంత చౌకు 1953 జులైలో తెరిచారు. బెలోత్తో అందం కోసం అక్కడక్కడా చెయ్యి స్వేచ్ఛగా తిప్పాడు. కట్టినవాళ్ళు కొన్నిచోట్ల ఆ స్వేచ్ఛను కూడా ఇటుకలో కట్టేశారు. ఆ ఇటుకలో కొంత అంతవరకు జర్మనీ ఊళ్ళయిన వ్రోత్స్వాఫ్, ష్చెచిన్‌లలో కూలిన ఇళ్ళ నుంచి రైళ్ళలో వచ్చింది. అంటే ఒక ఊరి పాతదనం కోసం ఇంకో ఊరి పాతదనం ఖర్చయింది.

చౌకులో కూర్చుని చూస్తే మేడలన్నీ వందల ఏళ్ళుగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నట్టే ఉంటాయి. సందులోంచి వెనక్కి వెళ్తే గుట్టు తెలుస్తుంది. పాతకాలంలో కిక్కిరిసిన పెరటి వసారాలను మళ్ళీ కట్టకుండా వదిలేశారు. గాలీ వెలుతురూ వచ్చేలా ఖాళీ ఉంచి, ముందుగోడల వెనక కొత్తరకం వాటాలు వేశారు. రాజకోట పక్కన ఇంకా బాగా తెలుస్తుంది. మూడో సిగిస్మండ్ రాజు విగ్రహం నిలబడ్డ స్తంభం 1644 నాటిది. ఆ రాతి దిమ్మె పాడైతే 1880లలో గ్రానైటుది పెట్టారు. 1944లో దాన్నీ పడగొట్టారు. 1949లో మూడోది లేపారు. పడిపోయిన రెండు దిమ్మెలూ కోట గోడ పక్కన గడ్డిలో పడుకుని ఉన్నాయి. పిల్లలు వాటి మీదెక్కి ఆడుతుంటారు. పైన రాజు మాత్రం మొదటివాడే.

1964లో నిపుణులు వెనిస్‌లో కూడి ఒక నియమావళి రాసుకున్నారు. ఊహతో కట్టకూడదు, కొత్తగా చేర్చింది కొత్తదని తెలియాలి, చెదిరిన రాళ్ళను తిరిగి పేర్చడం తప్ప పునర్నిర్మాణం పనికిరాదు అని దాని సారం. రస్కిన్ శిష్యులే గెలిచారన్నమాట. కానీ 1980లో యునెస్కో వార్సా పాత ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాతదని కాదు, అంత శ్రద్ధగా తిరిగి కట్టినందుకు. నియమావళి రాసుకున్న పదహారేళ్ళకే ఇంత పెద్ద మినహాయింపు ఇవ్వాల్సొచ్చింది.

గాయాన్ని గాయంగానే ఉంచినవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండులో కవెంట్రీ చర్చి మొండిగోడల పక్కనే 1962లో కొత్త చర్చి లేచింది. బెర్లిన్‌లో కైసర్ విల్‌హెల్మ్ చర్చి విరిగిన బురుజును కూల్చేద్దామంటే జనం గొడవ చేసి ఆపారు. వాళ్ళే దాన్ని పుచ్చుపన్ను అని వెక్కిరిస్తారు కూడా.

డ్రెస్డెన్‌ది ఈ రెండు దారులకీ మధ్యది, నాకు అన్నిటికన్నా నచ్చింది. 1743లో పూర్తయిన ఫ్రావెన్‌కిర్ష రాతి గుమ్మటం 1945 ఫిబ్రవరి బాంబు దాడిలో మండి, 15వ తేదీ పొద్దున కూలింది. నలభై అయిదేళ్ళు ఆ రాళ్ళగుట్ట అలాగే ఉండిపోయింది. 1990లో ఊరి పెద్దలు కొందరు పిలుపిచ్చారు, ఎక్కువ డబ్బు చందాలుగా వచ్చింది, 1994లో మొదలైన పని 2005లో ముగిసింది. గుట్టలో దొరికిన రాయికి రాయి అంకె వేసి, పడ్డ చోటును బట్టి దాని పాత జాగా లెక్కగట్టి, దాదాపు 3,800 పాత రాళ్ళను బయటి గోడల్లో తిరిగి కూర్చారు. గోడ దగ్గరకెళ్ళి చూశాను. తేనెరంగు కొత్త రాతి మధ్య బొగ్గులాంటి పాత రాయి, అంచు కొట్టుకుపోయి, సందు కాస్త వెడల్పుగా. కాలిపోయి నల్లబడిందేమో అనుకుంటాం. అది కొంతవరకే. ఆ ఇసుకరాతిలోని ఇనుము గాలికి, వానకు నల్లబడుతుంది. కొత్త రాళ్ళూ నిదానంగా అదే దారి పడతాయి. శిఖరం మీది శిలువను చేసిన లండన్ కంసాలి తండ్రి ఆనాటి బాంబు విమానాల్లో పనిచేసినవాడు. వంకరపోయిన పాత శిలువ శిథిలాల్లో దొరికితే లోపల నిలబెట్టారు.

బోస్నియాలోని మొస్తార్ వంతెనది ఇంకా దగ్గరి కాలం. 1566లో మిమార్ హైరుద్దీన్ కట్టిన ఒంటికమాను వంతెన 1993 నవంబరు 9న క్రొయాట్ బలగాల ఫిరంగి దెబ్బలకు నెరెత్వా నదిలో పడిపోయింది. హంగరీ సైనిక గజఈతగాళ్ళు రాళ్ళు పైకి తీశారు గానీ మళ్ళీ పనికిరాలేదు. స్థానికంగా దొరికే అదే జాతి రాయిని చెక్కి 2004 జులైలో తెరిచారు. నడిచేదారి నున్నగా జారుతుంది. అడ్డంగా ఉబ్బెత్తు రాతిపట్టీలు లేకపోతే బోర్లా పడాల్సిందే. యువకులు చందా దండుకుని పైనుంచి నదిలోకి దూకుతారు. వంతెన చివర ఒక రాయి మీద 93ని మరవొద్దని రాసి ఉంటుంది. వంతెన కలిసింది, రెండు ఒడ్డుల వాళ్ళ సంగతి నేను ఒక్క పూటలో చెప్పలేను.

తర్వాత తిరిగి కట్టే ఈ గాలి జర్మనీలో కాస్త అతిగా వీచిందేమో. బెర్లిన్‌లో కమ్యూనిస్టులు 1950లో పేల్చేసిన రాజప్రాసాదం కోసం, అదే చోట వాళ్ళు కట్టుకున్న ప్రజాప్రాసాదాన్ని కూల్చారు. మూడువైపులా పాత ముఖం, నది వైపు కొత్త ముఖం పెట్టి కట్టారు. చూడ్డానికి బాగుంది. కానీ ఒక చరిత్రను తుడిచి ఇంకో చరిత్రను లేపడం వార్సాలో జరిగినలాంటిది కాదు.

చివరికి తగువు పారిస్‌కే వచ్చింది. 2019 ఏప్రిల్ 11న రాగి విగ్రహాలను మరమ్మతుకని క్రేన్‌తో కిందికి దింపారు. నాలుగు రోజులకు, 15న, నోత్రదామ్ అంటుకుంది. శిఖరం కూలింది, థామస్ తప్పించుకున్నాడు. గాజు శిఖరం వెయ్యమనీ, కప్పు మీద తోట పెంచమనీ ప్రపంచమంతా సలహాలిచ్చింది. 2020లో ఉన్నదున్నట్టే అని తేల్చారు. ఉన్నదంటే మధ్యయుగపుది కాదు, వియోలె ల్యూ ద్యూక్ 1859లో లేపిన శిఖరం. రెండు వేల దాకా ఓక్ చెట్లు తెచ్చి, కప్పు దూలాలను గొడ్డళ్ళతో చెక్కి, 2024 డిసెంబరులో చర్చి తెరిచారు. మసి వదిలి లోపలి రాయి వెన్నరంగులో మెరుస్తుంటే నాకు మొదట కాస్త ఇబ్బందిగానే ఉంది. పాతదంటే చీకటిగా ఉండాలన్న అలవాటు మరి.

శిఖరంతో గొడవ ముగియలేదు. దక్షిణం వైపు ఆరు చిన్న గదుల్లోని వియోలె ల్యూ ద్యూక్ కాలపు అద్దాలు నిప్పుకు చెక్కుచెదరలేదు. వాటిని తీసి ఈ కాలపు చిత్రకారులతో కొత్తవి పెట్టిద్దామని అధ్యక్షుడు మాక్రాన్ 2023లో ప్రకటించాడు. 2024 జులైలో జాతీయ వారసత్వ సంఘం కుదరదంది. తన కాలంలో ఇతగాడు చర్చిని పాడుచేశాడని అరిచిన పక్షం వారసులే ఇతని అద్దాలను ముట్టుకోవద్దని, అదే వెనిస్ నియమావళిని చూపించి, సంతకాలు సేకరించారు. అయినా ప్రభుత్వం ఆ ఏడాది డిసెంబరులో చిత్రకారిణి క్లేర్ తబూరేని కొత్త అద్దాలకు ఎంపిక చేసింది.