అయోవా కాకస్

అయోవా కాకస్ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అయోవా రాష్ట్రంలో, అధ్యక్ష పదవికి తమ పార్టీ తరపున ఎవరిని నిలబెట్టాలో తేల్చుకోవడానికి పార్టీ ఓటర్లు జరుపుకొనే స్థానిక సమావేశాల వ్యవస్థ. నాలుగేళ్ళకొకసారి, అధ్యక్ష ఎన్నికలు జరిగే సంవత్సరం ప్రారంభంలో, గడ్డకట్టించే చలిలో ఈ సమావేశాలు జరుగుతాయి. డెమోక్రటిక్ పార్టీలో 1972 నుండి 2020 వరకు, రిపబ్లికన్ పార్టీలో 1976 నుండి, అభ్యర్థి ఎంపిక ప్రక్రియ దేశంలో మొదలయ్యేది ఇక్కడినుండే. సుమారు 32 లక్షల జనాభా గల ఒక వ్యవసాయ రాష్ట్రానికి ప్రపంచవ్యాప్త ప్రచారం లభించడానికి కారణం ఇదే.

ఇందులో విశేషంగా చెప్పుకోవలసినది డెమోక్రటిక్ పార్టీ 2020 వరకు అనుసరించిన పద్ధతి. అందులో రహస్య బ్యాలెట్ లేదు. ఇరుగుపొరుగువారు ఒక గదిలో చేరి, అందరి ఎదుట తమ అభ్యర్థి పక్షాన నిలబడి, ఎదుటివారిని ఒప్పించడానికి ప్రయత్నించేవారు. రచ్చబండ దగ్గరి వాదోపవాదాలకు ఓట్ల లెక్క జతచేస్తే ఎలా ఉంటుందో దాదాపుగా అలా ఉండేది.

పేరు

"కాకస్" అనే మాట 18వ శతాబ్దపు బోస్టన్ నగరంలో వాడుకలో ఉండేది. తరువాత అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ 1763 నాటి తన దినచర్యలో అక్కడి కాకస్ క్లబ్బును ప్రస్తావించాడు. మాట పుట్టుక గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. స్థానిక అమెరికన్ భాషా కుటుంబమైన అల్గోంక్వియన్ నుండి వచ్చిందని కొందరి అభిప్రాయం.

ప్రైమరీకి, కాకస్‌కు భేదం

భారతదేశంలో అభ్యర్థికి బి-ఫారం ఇచ్చేది పార్టీ అధిష్ఠానం. అమెరికాలో ఆ నిర్ణయంలో పార్టీ సామాన్య ఓటర్లకు ప్రధాన పాత్ర ఉంది. అధిక సంఖ్యాక రాష్ట్రాలలో ఇది ప్రైమరీ ఎన్నిక ద్వారా జరుగుతుంది. సాధారణంగా ప్రైమరీని ప్రభుత్వ యంత్రాంగమే నిర్వహిస్తుంది. ఓటరు పోలింగు కేంద్రానికి ఉదయం నుండి రాత్రి లోపు ఎప్పుడైనా వెళ్ళి ఓటు వేసి రావచ్చు. కాకస్‌ను నడిపేది పార్టీ కార్యకర్తలు. సాయంత్రం 7 గంటలకు అందరూ ఒకేసారి హాజరు కావాలి. సార్వత్రిక ఎన్నిక నాటికి 18 ఏళ్ళు నిండబోయే 17 ఏళ్ళవారికి కూడా ప్రవేశం ఉంటుంది.

చరిత్ర

19వ శతాబ్దం నుండి అయోవాలో కాకస్‌లే ఆనవాయితీ. 1916లో ఒక్కసారి మాత్రం ప్రైమరీ జరిపి చూశారు. ఓటర్లు పెద్దగా రాకపోవడంతో ఆ చట్టాన్ని రద్దు చేశారు.

1968లో చికాగోలో జరిగిన డెమోక్రటిక్ మహాసభ తీవ్ర గందరగోళంలో ముగిసింది. ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని హ్యూబర్ట్ హంఫ్రీ అభ్యర్థి అయ్యాడు. వియత్నాం యుద్ధ వ్యతిరేకులు వీధులలో పోలీసుల చేత దెబ్బలు తిన్నారు. ఆ తరువాత ఏర్పడిన మెక్‌గవర్న్-ఫ్రేజర్ సంఘం ఎంపిక ప్రక్రియ బహిరంగంగా, ముందస్తు ప్రకటనతో జరగాలని నియమాలు రూపొందించింది. అయోవాలో ప్రిసింక్టు (ఒక పోలింగు కేంద్రం పరిధి), కౌంటీ, కాంగ్రెస్ నియోజకవర్గం, రాష్ట్రం అని నాలుగు అంచెలుండేవి. ప్రతి అంచెకూ మధ్య తగిన వ్యవధి ఇవ్వవలసి రావడంతో మొదటి అంచె 1972 జనవరి 24కు వచ్చింది. మొదటి స్థానం అయోవాకు ఇలా అనుకోకుండా దక్కింది.

ఆ సంవత్సరం అందరికంటే ఎక్కువ శాతం (35.8) తెచ్చుకున్నది ఏ అభ్యర్థీ కాదు, "ఎవరికీ కట్టుబడని" వర్గం. ఎడ్మండ్ మస్కీకి 35.5, జార్జ్ మెక్‌గవర్న్‌కు 22.6 శాతం వచ్చాయి. చివరకు పార్టీ అభ్యర్థి అయినది మెక్‌గవర్న్. 1976లోనూ కట్టుబడనివారే 37.2 శాతంతో ముందున్నారు. కాని 27.6 శాతంతో అభ్యర్థులలో మొదటివాడుగా నిలిచిన జిమ్మీ కార్టర్‌నే పత్రికలు విజేతగా చూపించాయి. జార్జియా బయట అంతగా పేరు లేని ఈ మాజీ గవర్నరు అదే ఏడాది అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. అప్పటినుండి అభ్యర్థులు నెలల తరబడి అయోవా ఊళ్ళలో తిరగడం మొదలుపెట్టారు.

డెమోక్రటిక్ కాకస్ జరిగిన తీరు

రాష్ట్రంలోని 99 కౌంటీలలో సుమారు 1,700 ప్రిసింక్టులు ఉండేవి. పాఠశాల వ్యాయామశాల, చర్చి, గ్రంథాలయం వంటి చోట్ల సమావేశం ఏర్పాటయ్యేది. ముందుగా పేర్లు నమోదు చేసుకొని, సభాధ్యక్షుని ఎన్నుకొనేవారు. తరువాత ఒక్కొక్క అభ్యర్థిని సమర్థించేవారు గదిలో ఒక్కొక్క మూలకు చేరేవారు. ఎటూ తేల్చుకోనివారికి కూడా ఒక మూల ఉండేది. అప్పుడు తలలు లెక్కపెట్టేవారు.

నలుగురు లేదా అంతకంటే ఎక్కువ ప్రతినిధులను ఎన్నుకొనే ప్రిసింక్టులో ఒక వర్గం నిలబడాలంటే హాజరైనవారిలో కనీసం 15 శాతం మంది ఆ వర్గంలో ఉండాలి. అంతకు తగ్గితే ఆ వర్గం లెక్కలోకి రాదు. ఆ వర్గంవారు తమ రెండవ ఇష్టాన్ని ఎంచుకోవచ్చు, ఇతర చిన్న వర్గాలతో కలిసి 15 శాతం సాధించవచ్చు, లేదా ఇంటికి వెళ్ళిపోవచ్చు. 2016 వరకు దీనికి సుమారు అరగంట గడువు ఉండేది. అసలు చర్చ జరిగేది ఈ అరగంటలోనే.

ఒక ఊహాత్మక ఉదాహరణ: ఒక ప్రిసింక్టుకు 5 ప్రతినిధులు. 100 మంది హాజరైనారు. క వర్గంలో 41, గ వర్గంలో 28, చ వర్గంలో 18, ట వర్గంలో 13 మంది ఉన్నారు. 15 మంది లేనందున ట వర్గం నిలబడదు. ఆ 13 మందిలో నలుగురు క వైపు, ఇద్దరు గ వైపు, ఏడుగురు చ వైపు వెళ్ళారనుకుందాం. లెక్క 45, 30, 25 అవుతుంది. ఒక్కొక్క సంఖ్యను 5తో గుణించి 100తో భాగిస్తే 2.25, 1.5, 1.25 వస్తాయి. పూర్ణాంకాలకు సవరిస్తే ప్రతినిధులు వరుసగా 2, 2, 1. అలా కాక 13 మందీ చ వైపే వెళితే లెక్క 41, 28, 31. ప్రతినిధులు 2, 1, 2. అనగా గదిలో రెండవ స్థానం ఎవరిదో తేల్చేది ఓడిపోయిన వర్గమే. పెద్ద వర్గాలవారు చిన్న మూలల చుట్టూ చేరి బతిమాలుకోవడానికి, తినుబండారాలు పంచడానికి కారణం ఇది. తుది లెక్కలో సమానమైతే నాణెం ఎగురవేసేవారు. 2016లో కొన్ని ప్రిసింక్టులలో అలాగే జరిగింది.

రెండవ ఇష్టానికి ఇంత విలువ ఉండడం వలన అభ్యర్థుల మధ్య ఒప్పందాలు కూడా కుదిరేవి. తన వర్గం నిలబడని చోట జాన్ ఎడ్వర్డ్స్ వైపు వెళ్ళమని 2004లోనూ, బరాక్ ఒబామా వైపు వెళ్ళమని 2008లోనూ డెనిస్ కుసినిచ్ తన మద్దతుదారులను కోరాడు.

ప్రతినిధుల ఎన్నిక తరువాత పార్టీ విధాన పత్రంలో చేర్చడానికి తీర్మానాలు ప్రతిపాదించే అవకాశం ఉండేది. హాజరైన ఏ సభ్యుడైనా ఒక కాగితం మీద రాసి తేవచ్చు. అప్పటికి చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. మిగిలినవారు ఆమోదించిన తీర్మానాలు కౌంటీ మహాసభకు చేరేవి.

చర్చకు వచ్చిన విధానాలు

అయోవా మొక్కజొన్న, పందుల ఉత్పత్తిలో దేశంలో అగ్రస్థానంలో ఉన్న రాష్ట్రం. మొక్కజొన్న నుండి తీసే ఇథనాల్‌ను పెట్రోలులో తప్పనిసరిగా కలపాలన్న విధానాన్ని ఇక్కడ వ్యతిరేకించిన అభ్యర్థికి పుట్టగతులుండవని చాలాకాలం అనుకునేవారు. 2016లో టెడ్ క్రూజ్ దానిని వ్యతిరేకించాడు. ఆయనను ఓడించాలని సొంత పార్టీకే చెందిన అయోవా గవర్నరు బహిరంగంగా కోరినా, 27.6 శాతంతో రిపబ్లికన్ కాకస్‌లో గెలిచాడు. 24.3 శాతంతో డోనాల్డ్ ట్రంప్ రెండవ స్థానంలో నిలిచాడు.

డెమోక్రటిక్ పక్షంలో 2004, 2008 సంవత్సరాలలో ఇరాక్ యుద్ధం ప్రధానాంశం. యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానానికి హిల్లరీ క్లింటన్ 2002లో సెనేట్‌లో అనుకూలంగా ఓటు వేయగా, అప్పటికి ఇల్లినాయ్ శాసనసభలో ఉన్న ఒబామా యుద్ధాన్ని వ్యతిరేకించాడు. 2008 జనవరి 3న సుమారు 2,40,000 మంది డెమోక్రటిక్ కాకస్‌లకు హాజరైనారు. ఒబామాకు 38, ఎడ్వర్డ్స్‌కు 30, క్లింటన్‌కు 29 శాతం వచ్చాయి. జనాభాలో 90 శాతానికి పైగా శ్వేతజాతీయులున్న రాష్ట్రంలో ఒక నల్లజాతి అభ్యర్థి గెలవడం తరువాతి రాష్ట్రాల ఓటర్లపై గట్టి ప్రభావం చూపింది. 2020లో వాదమంతా ఆరోగ్య బీమాను ప్రభుత్వమే అందరికీ ఇవ్వాలా, ప్రైవేటు బీమాను కూడా ఉంచాలా అన్న దాని చుట్టూ తిరిగింది.

రిపబ్లికన్ పద్ధతి

రిపబ్లికన్ కాకస్ సరళమైనది. ఒక్కొక్క అభ్యర్థి తరపున ఒకరు క్లుప్తంగా మాట్లాడతారు, ఆపైన తెల్లకాగితంపై పేరు రాసి రహస్యంగా ఓటు వేస్తారు. అయినా చిక్కులు తప్పలేదు. 2012లో మిట్ రోమ్నీ 8 ఓట్లతో గెలిచాడని ఆ రాత్రి ప్రకటించారు. రెండు వారాల తరువాత ధృవీకరించిన లెక్కలో రిక్ శాంటోరమ్ 34 ఓట్లతో (29,839 – 29,805) ముందున్నాడు. ఎనిమిది ప్రిసింక్టుల ధృవపత్రాలు దొరకనే లేదు. ఇంతా చేసి, ఆ ఏడు జాతీయ మహాసభలో అయోవా ప్రతినిధుల 28 ఓట్లలో 22 మూడవ స్థానంలో నిలిచిన రాన్ పాల్‌కు పడ్డాయి. కాకస్ రాత్రి పడిన ఓటుకు ప్రతినిధులు అప్పట్లో కట్టుబడవలసిన పని లేదు. 2016 నుండి ఆ లోపం సరిదిద్దారు.

విమర్శలు

రాత్రి పాళీలో పనిచేసే ఆసుపత్రి సిబ్బంది, కర్మాగార కార్మికులు, పసిపిల్లల తల్లులు, మంచం పట్టినవారు, విదేశాలలో ఉన్న సైనికులు డెమోక్రటిక్ కాకస్‌లో పాల్గొనలేకపోయేవారు. ముందుగా ఓటు వేసి వెళ్ళే సదుపాయం లేదు. బహిరంగంగా నిలబడడంలోని ఇబ్బంది కూడా చిన్నది కాదు. యజమాని ఒక మూలన, అతని దగ్గర పనిచేసేవాడు మరొక మూలన నిలబడవలసిన పరిస్థితిలో ఓటు స్వేచ్ఛ ఎంతవరకు నిలుస్తుందన్న ప్రశ్న సహజం. ఇరుగుపొరుగువారు ముఖాముఖి మాట్లాడుకొని మనసు మార్చుకొనే అవకాశం మరెక్కడా లేదని సమర్థకులు అనేవారు. ఆ మాటలో నిజముంది. కాని ఆ చర్చకు బలమిచ్చినదీ, అనేకులను గుమ్మం బయటే నిలిపివేసినదీ ఒకే నియమం: అందరూ ఒకే వేళకు, ఒకే గదిలో, స్వయంగా ఉండాలి.

ఈ విమర్శలకు సమాధానంగా ఫోను ద్వారా పాల్గొనే ఏర్పాటును రాష్ట్ర పార్టీ ప్రతిపాదించగా, భద్రత దృష్ట్యా జాతీయ పార్టీ 2019లో తిరస్కరించింది. బదులుగా 2020లో కొన్ని ఉపకేంద్రాలు నెలకొల్పారు. వాటిలో మూడు పారిస్, గ్లాస్గో, జార్జియా దేశ రాజధాని త్బిలిసీలలో ఉన్నాయి.

2020 వైఫల్యం, తదనంతర పరిణామాలు

2020 ఫిబ్రవరి 3న ఫలితాలు పంపడానికి సిద్ధం చేసిన మొబైల్ యాప్ సరిగా పనిచేయలేదు. ఫోను చేద్దామంటే లైన్లు ఖాళీ లేవు. ఆ రాత్రి ఒక్క అంకె కూడా వెలువడలేదు. పాక్షిక ఫలితాలు మరునాటి సాయంత్రం వచ్చాయి. రాష్ట్ర ప్రతినిధుల లెక్కలో పీట్ బుటిజెజ్ 26.2 శాతంతోనూ, బెర్నీ శాండర్స్ 26.1 శాతంతోనూ నిలిచారు. వచ్చినవారి తలల లెక్కలో మాత్రం శాండర్స్ ముందున్నాడు. విజేతను ప్రకటించలేమని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తెలిపింది. నిజానికి ఆ ఏడాదే మొదటిసారిగా ప్రతి ఓటరు చేత కార్డుపై సంతకం చేయించారు. మళ్ళీ సరిచూడడానికి ఆధారం మిగిలినది ఆ కాగితాల వల్లనే.

2023 ఫిబ్రవరిలో డెమోక్రటిక్ జాతీయ సంఘం మొదటి స్థానాన్ని దక్షిణ కెరొలీనాకు ఇచ్చింది. 2024 జనవరి 15న రిపబ్లికన్లు ఎప్పటిలాగే సమావేశమయ్యారు. తీవ్రమైన చలిలో సుమారు 1,10,000 మంది వచ్చారు, ట్రంప్‌కు 51 శాతం ఓట్లు లభించాయి. 99 కౌంటీలలో ఆయనకు దక్కనిది జాన్సన్ కౌంటీ ఒక్కటే, అక్కడ నిక్కీ హేలీ ఒకే ఒక్క ఓటుతో గెలిచింది. అదే రాత్రి డెమోక్రాట్లు కూడా సమావేశమైనా, పార్టీ వ్యవహారాలు చూసుకొని ముగించారు. అధ్యక్ష అభ్యర్థిపై తమ ఇష్టాన్ని తపాలా కార్డుల ద్వారా పంపారు. ఆ ఫలితాలు మార్చి 5న వెలువడ్డాయి.