పలక ముక్కల ఇంగ్లీషు

మార్కాపురం అంటే బయటివాళ్లకు చెన్నకేశవస్వామి గుడో, పలకలో గుర్తొస్తాయి. నాకు మాత్రం మన బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు గుర్తొస్తుంది.

1980ల మొదట్లో ఆరో తరగతిలో చేరినప్పుడు మాకు ఏబీసీడీలు వచ్చు గానీ మాట చదవడం రాదు. పాఠం బట్టీ పట్టి, పుస్తకం తలకిందులుగా ఉన్నా గడగడా అప్పజెప్పేవాళ్లం. గిద్దలూరు నుంచి రైల్లో వచ్చే మా ఇంగ్లీషు సారు అది కనిపెట్టారు. ఫ్యాక్టరీల దగ్గర పారేసిన పలక ముక్కలు ఏరుకురమ్మని, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం రాసి మా చేతికిచ్చారు. ఆయన ‘క్యాట్’ అనగానే సీ, ఏ, టీ వరసగా నిలబడాలి. ‘బ్యాట్’ అంటే సీ తప్పుకోవాలి, బీ పరుగెత్తుకు రావాలి. మిగతావాళ్లు పైకి చదవాలి. అక్షరం పేరు వేరు, మాటలో అది పలికే తీరు వేరు అని ఆ పరుగుల్లోనే తెలిసింది. బట్టీ అక్కడ పనికిరాలేదు.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారు పల్లె బడుల కోసం కార్డులతో, ఆటలతో ఇలాగే మెట్లుమెట్లుగా పాఠాలు తయారుచేశారు. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులూ ఆ దారి పట్టాయి.

ఒక సోమవారం సారు ‘ర్యాట్’ అన్నారు. ఆర్ రాలేదు. వాడు పలకల పనికి కుదిరాడట. పిల్లలు రాసుకునే పలకలు పిల్లలే దుమ్ములో కూర్చుని చేసే రోజులవి. సారు ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లారు. అయినా వాడు మళ్లీ బడికి రాలేదు. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు బాలకార్మికుల కేసులో తీర్పు చెబుతూ మార్కాపురం పలకల పరిశ్రమనూ పేర్కొంది. పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లవాడికి యజమాని 20,000 రూపాయలు కట్టాలని, ఆ పిల్లలను చదివించాలని ఆదేశించింది. అప్పటికి మావాడికి పాతికేళ్లు దాటాయి.

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. ఇంజనీరుగా నాకు సంతోషమే. తెర మీది ఆట తప్పును వెంటనే చూపిస్తుంది, ఎన్నిసార్లు ఆడినా విసుక్కోదు. కానీ రాని పిల్లవాడి ఇంటికి అది వెళ్లలేదు.

ఈ స్వర్ణోత్సవాల్లో మన సంఘం బడికి ఏం కొనిచ్చినా మంచిదే. దాంతోపాటు వారం రోజులు వరసగా బడికి రాని ప్రతి పిల్లవాడి ఇంటికీ మనలో ఒకరం వెళ్లివచ్చే ఏర్పాటు చేసుకుందాం. మా సారుకు అంతకన్నా పెద్ద గురుదక్షిణ నాకు తోచడం లేదు.