వీలునామా

తన ఆస్తి తన తదనంతరం ఎవరికి చెందాలో ఒక వ్యక్తి రాసి ఉంచే పత్రం వీలునామా. మరణశాసనం అనీ అంటారు. ఇంగ్లీషు ‘విల్’కు పత్రం అని అర్థమిచ్చే పారశీక ‘నామా’ చేరి ఈ మాట పుట్టింది. రాసినవారు బతికి ఉన్నంతకాలం దీనికి అమలు లేదు. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. రిజిస్టరై చేతులు మారిన దానపత్రాన్ని అలా వెనక్కి తీసుకోలేం.

తెలుగునాట చెల్లుబాటైన మితాక్షర న్యాయంలో వీలునామాకు చోటు లేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన ఈ వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. దాని ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. తండ్రి పోతే ఆయన వాటా ఉమ్మడిలోనే కలిసిపోతుంది. ఇక ఆయన రాసి ఇవ్వడానికి మిగిలేదేమిటి? ముస్లిములకు మాత్రం వసియ్యత్ మొదటి నుంచీ ఉంది. అయితే అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు దాటితే వారసులు ఒప్పుకోవాలి.

హిందువుల్లో ఈ అలవాటు ఇంగ్లీషు కోర్టులున్న రేవుపట్టణాల్లో మొదలైంది. మద్రాసు దుబాసీ పచ్చయప్ప మొదలియార్ 1794లో వీలునామా రాసి, తన సంపదను ధర్మకార్యాలకు వదిలాడు. ఆ సొమ్ము ఏళ్ల తరబడి వ్యాజ్యాల్లో నలిగింది. చివరకు 1842లో దానితోనే బడి వెలిసింది, అదే పచ్చయప్ప కళాశాలగా ఎదిగింది. వీలునామాలు పెరిగేసరికి మద్రాసు ప్రభుత్వం 1829లో ఐదో రెగ్యులేషన్ చేసి, ధర్మశాస్త్రానికి లోబడినంత మేరకే అవి చెల్లుతాయని కట్టడి చేసింది.

తెలుగు నేల నుంచి లండన్ దాకా వెళ్లిన వీలునామా వివాదాల్లో పిఠాపురం దావా మరువరానిది. రాజా గంగాధర రామారావు మొదట ఒక బాలుణ్ణి దత్తత చేసుకున్నారు. తర్వాత 1885లో ఆయనకు సూర్యారావు జన్మించారు. 1890లో కన్నుమూసిన రాజా, జమీందారీని సూర్యారావుకే రాసిపోయారు. దత్తపుత్రుడు కోర్టుకెక్కారు. విభజనకు వీల్లేని జమీందారీని వీలునామాతో ఇచ్చే అధికారం జమీందారుకు ఉందని 1899లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎవరి పేరు మీద వెలసిందో ఆ మహారాజు ఈ సూర్యారావే. ఆ కాగితం చెల్లకపోయి ఉంటే మన నిఘంటు చరిత్ర ఎలా ఉండేదో!

మరోవైపు చట్టాలు వరుసగా వచ్చాయి: 1870లో హిందూ విల్స్ చట్టం, 1882లో ప్రైవేటు ట్రస్టుల చట్టం, చివరకు వీలునామాలకు నేటికీ ఆధారమైన 1925 భారత వారసత్వ చట్టం. ట్రస్టులో ఆస్తి ధర్మకర్త పేర ఉంటుంది, ఫలం మాత్రం లబ్ధిదారులది. మైనర్లూ, సొంతంగా వ్యవహరించలేని బిడ్డలూ ఉన్న ఇళ్లలో వీలునామా కంటే ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

1956 హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఉమ్మడి ఆస్తిలో తన వాటాను కూడా వీలునామా రాసే హక్కు ఇచ్చింది. పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుక హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దేశమంతటికీ అలాంటి హక్కు 2005లో గాని రాలేదు. కూతురికి దక్కవలసిన భాగాన్ని తప్పించడానికి వీలునామాను వాడుకోవడం ఈ చరిత్రలో బాధాకరమైన మలుపు. తండ్రి తన వాటానూ స్వార్జితాన్నీ మాత్రమే రాయగలడు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వచ్చిన వాటాను ఆయన వీలునామా తాకలేదు. పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చామన్న మాటతోనే అది పోదు.

మేజరై, మతి స్థిమితం ఉన్నవారు ఎవరైనా వీలునామా రాయవచ్చు. రాసినవారు సంతకమో వేలిముద్రో వేయాలి, వారి సమక్షంలో ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. కోర్టులో రుజువు చేయవలసి వస్తే, బతికి ఉన్న సాక్షుల్లో ఒకరినైనా పిలిచి తీరాలి. అందుకే తమకంటే చిన్నవారిని సాక్షులుగా పెట్టుకోవడం మంచిది. స్టాంపు సుంకం లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకొనే సదుపాయం 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.