బెజవాడ చరిత్రకు బాట.. బందరు రోడ్డు

విజయవాడ నగరంలోని ఈ ప్రధాన రహదారికి అధికారిక నామం మహాత్మాగాంధీ రోడ్డు. నగరవాసులు మాత్రం నేటికీ దీనిని బందరు రోడ్డుగానే వ్యవహరిస్తారు. దుకాణాల బోర్డులపై కనిపించే ‘ఎంజీ రోడ్డు’ నోటి మాటలో అంతగా నిలవలేదు.

1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాకు మచిలీపట్నం కేంద్రం. 1855లో కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయ్యాక బెజవాడ దశ తిరిగింది. 1888లో పురపాలక సంఘం ఏర్పడగా, 1893లో రైలు వంతెన వచ్చింది. ఎదుగుతున్న ఊరిని పాత రేవు పట్టణంతో కలిపే దారి కనుక దీనికి ఆ పేరు స్థిరపడింది. అయితే డెల్టా ధాన్యం చాలాకాలం ఈ రోడ్డుపై కంటే, చేరువలోనే పారే బందరు కాలువలో పడవలపైనే ఎక్కువగా సాగిపోయేది.

విక్టోరియా మహారాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1887 జూన్ 27న నాటి కలెక్టర్ రాబర్ట్ సూయల్ ఈ రోడ్డుపై స్మారక భవనానికి శంకుస్థాపన చేశారు. విజయనగర సామ్రాజ్య చరిత్ర రాసిన సూయల్ ఈయనే. రాణి పేరిట వెలసిన ఆ భవనమే 1921లో స్వరాజ్యోద్యమానికి వేదిక కావడం విశేషం. ఆ ఏడాది మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు, పింగళి వెంకయ్య పతాక నమూనాను గాంధీజీకి అందజేసింది ఇక్కడే. విక్టోరియా జూబ్లీ మ్యూజియం 2020 నుంచి బాపు మ్యూజియంగా కొనసాగుతోంది.

పాత బెజవాడ అయిన వన్‌టౌన్‌లో ఇళ్లు వీధిని ఆనుకుని, అరుగులతో ఇరుకుగా ఉండేవి. బందరు రోడ్డు పరిసరాల్లోని గవర్నరుపేట, సూర్యారావుపేట, లబ్బీపేటలు ఊరు తూర్పునకు విస్తరించడంతో పెరిగిన పేటలు. కాలక్రమంలో ఇళ్ల స్థానంలో వస్త్ర, నగల దుకాణాలు, బ్యాంకులు వెలిశాయి. సూర్యారావుపేట వైద్యశాలలకు పేరుపొందింది. పురావస్తు శాఖ అధీనంలో ఉండటం వల్ల మ్యూజియం దక్కింది కానీ, నివాస గృహాలకు అటువంటి రక్షణ ఏదీ లేకపోయింది. పాత ఇల్లు కూల్చేముందు కనీసం ఒక ఛాయాచిత్రమైనా తీసి భద్రపరిచే ఏర్పాటు ఉంటే బాగుండేది.

నీటిపారుదల శాఖకు చెందిన పీడబ్ల్యూడీ మైదానం స్వరాజ్ మైదానంగా మారి, ఏళ్ల తరబడి జనవరిలో పుస్తక ప్రదర్శనకు నెలవైంది. అక్కడే 2024 జనవరి 19న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరగడంతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది. దీంతో బందరు రోడ్డు ఒక జిల్లాలో మొదలై మరో జిల్లాలో ముగుస్తోంది.